దౌడకు దాచిన ముచ్చట

నేను బొగ్గుబాయి టైమాఫీసుల మస్టర్ క్లర్కుగ చేసి దిగిపోయినోణ్ని. ఇప్పుడు పనేం లేదు. పొద్దుగాల పేపర్ సంకల పెట్టుకొని బెల్లంపల్లి బూడిదగడ్డల ఉన్న పాత దోస్తు ఇంటికి పోత, అరగంట చదివి వినిపిస్త, చాయ్ తాగి వస్త. దోస్తు కోల్ ఫిల్లర్. ముప్పై ఏండ్లు తట్టా చెమ్మసుతోటి టబ్బులు నింపిన మనిషి. ఇప్పుడు 78 ఏండ్లు. మూడేండ్ల కింద పక్షవాతం వచ్చి ఎడమ దిక్కు పడిపోయింది. కట్టె పట్టుకొని మంచం కాడి నుంచి వాకిట్లకు వస్తడు, మల్ల మంచం కాడికి పోతడు. మాట ముద్దగ వస్తది. చెవులు మాత్రం మంచిగనే పని చేస్తయి, ఆ సంగతి ఎవ్వలకూ తెల్వనియ్యడు.

ఆ ఇంట్ల మొన్న ఇద్దరి నడుమ మాట మీద మాట పెరిగింది. ఒకరు పెద్దకోడలు. దవాఖాన్ల నర్సుగ చేసి రిటైరైంది, మంచిర్యాలల ఉంటది, చూసిపోదామని వచ్చింది. ఇంకొకరు చిన్నకొడుకు. ఇంకా బాయి దిగుతున్నడు. ఆ వారం సెకండ్ షిఫ్టు గనుక పొద్దుగాల ఇంట్లనే ఉన్నడు. ముసలాయన్ను చూసుకునేది ఆయనే, ఆయన భార్యనే. నేను నడుమ కుర్చీల పేపర్ పట్టుకొని కూసున్న. పేర్లు రాస్తలేను, మల్ల రేపు అదే ఇంటికి పోవాలె గద. ఒక్క మాట ముందే చెప్త: మా దిక్కు పళ్లను పండ్లనే అంటం. తినే పండ్లు, నోట్లె పండ్లు రెండూ ఒకటే మాట.

వదినె: తమ్మీ, మామ పదిహేను దినాల సంది బువ్వ తింటలేడంటున్నవ్. నోరు తెరిచి చూసినవా?

మరిది: నోట్లె ఏముంటది వదినె? మీద రెండు, కింద నాలుగు. మొత్తం ఆరు పండ్లు. అవి సుత ఉన్నట్టు లెక్కగాదు. వయసైంది, ఆకలి సచ్చింది. నేనేం ఊకున్ననా, రెండుసార్లు తోల్కపోయి గ్లూకోజ్ బాటిల్ ఎక్కిచ్చుకొచ్చిన.

వదినె: అర లీటరు బాటిల్ల ఉండే గ్లూకోజ్ 25 గ్రాములు. అయిదారు చెంచాల చక్కెర. చాయ్‌ల ఏసిచ్చినా అంతే బలం. దానికి సూది పోటు, ఆటో కిరాయి.

మరిది: నువ్వు నర్సువు, నువ్వు చెప్తే కాదనలేను. గని మా నాయినమ్మ బోసినోటితోటే తొంభై ఏండ్లు బతికింది. ఇగుర్లతోటి మక్క గుడాలు నమిలేది. ఆమెకు ఏ పండ్ల డాక్టర్ చూసిండు?

వదినె: నాయినమ్మ నోట్లె ఒక్క పన్ను లేకుండె, గందుకే నిమ్మలంగ బతికింది. బోసినోరుకు భయం తక్కువ తమ్మీ. విరిగి, పుచ్చి, మొండిగ మిగిలిన ఆరు పండ్లున్న నోరుకే భయం. ఆమెకు షుగర్ లేకుండె, పక్షవాతం లేకుండె, రోజుకు తొమ్మిది గోలీలు లేకుండె. నిద్రకొక గోలి, ఒంటికి పోయేతందుకొక గోలి, సర్దికొక గోలి. వాటిల శానవరకు నోరు ఎండబెట్టేవే. ఉమ్మినీళ్లు ఉంటేనే నోరు తనంతట తను కడుక్కుంటది. అవి ఎండినంక పండు ముసలితనంల ఇగురు జారి బయటపడ్డ పన్ను ఏరు మెత్తమెత్తగ పుచ్చిపోతది. నొప్పి సుత తెల్వది, ఒకనాడు బువ్వ నములుతుంటే టక్కున ఇరుగుతది.

మరిది: ఇరుగుతే ఇరిగింది. పోయే పండ్లే గద.

వదినె: ఇరిగినంక మిగిలేది ఏందనుకున్నవ్? నిన్న రాత్రి మామ నోరు తెరుసుకొని పండుకున్నడు. ఫోన్ లైట్ కొట్టి చూసిన. ఎడమ దిక్కు, పడిపోయిన దిక్కు, దౌడ సందుల మధ్యాహ్నం బువ్వ ముద్ద అట్లనే ఉన్నది. దాని మీద పప్పు పొట్టు, దాని మీద సగం కరిగిన గోలి. బీపీ గోలో ఏదో, తెల్లగ పేస్టులెక్క. ఆ దిక్కు ఆయనకు స్పర్శ లేదు, అక్కడ బువ్వున్నదన్న సంగతే తెల్వది. కింది పన్నొకటి ఇరిగి సూదోలె నిలబడ్డది. దానికెదురుంగ నాలిక పక్కకు పుండు. బువ్వ తినకపోవుడు ఆకలి లేక కాదు తమ్మీ. ప్రతి ముద్దకు నాలిక కోసుకుంటున్నది.

(మరిది ఒక నిమిషం మాట్లాడలే. ముసలాయన మంచం మీద గోడ దిక్కు మళ్లిండు. మళ్లిండంటే విన్నడన్నట్టే.)

వదినె: ఇంకొకటి. కుడి దిక్కు, దౌడ లోపట, తెల్లగ మచ్చ ఉన్నది. రూపాయి బిళ్లంత. జర్దా పెట్టుకునే తావు అది.

మరిది: జర్దా ఎప్పుడో బందువెట్టిండు. పక్షవాతం వచ్చిన్నాడే ఒట్టు పెట్టిచ్చిన.

నేను పేపర్ల తల పెట్టిన.

మరిది: జర్దా ముచ్చట అన్నవు గనుక చెప్తున్న. బాయిల బీడి తాగనియ్యరు. దిగేటప్పుడే జేబులు తడిమి చూస్తరు, అగ్గిపెట్టె దొరికితే నౌకరీకే మోసం. లోపల గ్యాసుంటది. ఎనిమిది గంటలు బొగ్గు దుమ్ములో తట్ట మోసేటోనికి నోరు ఊకుంటదా? అందరు దౌడకు జర్దా పెట్టుకునే నింపిండ్రు. బయటికొచ్చినంక అరవై ఏండ్లకు 'నీ పండ్లు ఖరాబైనయి' అంటే ఎవల తప్పు? ముప్పై ఏండ్లల్ల బాపు ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీసిండ్రు, చెవులు చూసిండ్రు, కండ్లు చూసిండ్రు. నోరు తెరువుమన్నోడు నాకైతే యాదికి లేడు.

వదినె: అది నిజం. నేను దవాఖాన్ల చేసినప్పుడు మంచం పట్టినోళ్లకు ఒళ్లు తుడిచినం, పక్క మార్చినం, పుండ్లు పడకుంట పౌడర్ కొట్టినం. నోరు కడుగుడు రాత్రి షిఫ్టోళ్ల పని అని పొద్దటి షిఫ్టోళ్లు, పొద్దటోళ్ల పని అని రాత్రోళ్లు. నన్ను నేను తప్పిచ్చుకుంటలేను.

ఇక్కడ నా మాట ఒకటి. 1990ల మొదట్లో సింగరేణిల లక్షకు పైగ కార్మికులు ఉండిరి. ఇప్పుడు నలభై వేల చుట్టు. బెల్లంపల్లి చుట్టుపట్ల బాయిలు ఒకటెనుక ఒకటి మూతపడ్డయి, వయసున్నోళ్లు శ్రీరాంపూర్‌కో గోదావరిఖనికో హైదరాబాద్‌కో పోయిండ్రు. ఊరంతా తిరిగొస్తే బస్తీ బస్తీకి ఒక మంచం, మంచం మీద ఒక ముసలి ఫిల్లరో టింబర్‌మ్యానో. వాళ్లకు 1998 నాటి బొగ్గుగని పింఛను పథకం కింద వచ్చే పైసలు దిగిపోయిన్నాటి లెక్కనే, ధరల ఎంబడి పెరగవు. ముసలోళ్లంటే వృద్ధాశ్రమం అని సినిమాల చూపిస్తరు గని మా ఊళ్లె ముసలితనం ఇండ్లల్లనే ఉన్నది, రేకుల కింద.

వదినె: తమ్మీ, నువ్వు బాయి దిగినంక మొదాలు ఏం చేస్తరు?

మరిది: సర్దార్ కట్టెతోటి కప్పు కొట్టి చూస్తడు. సప్పుడు గట్టిగ వస్తే మంచిది. డొల్లగ వస్తే ఆడ నిలబడనియ్యడు.

వదినె: రోజూనా?

మరిది: రోజూ. షిఫ్టు షిఫ్టుకు. నిన్న మంచిగున్న కప్పు ఇయ్యాల మంచిగుంటదని ఏమున్నది?

వదినె: ఈ కప్పు మూడేండ్ల సంది ఎవ్వలు కొట్టి చూడలే.

మరిది: (నవ్వి) మాటల్ల నిన్ను గెలువలేను. గని పని దగ్గర గెలుస్త. విను. పోయినేడాది పన్ను నొస్తుందంటే ఒక పండ్ల దవాఖానకు తోల్కపోయిన. మెట్లెక్కి మీదికి పోవాలె. నేను, ఆటో పిలగాడు కుర్చీల కూసోబెట్టి ఎత్తుకపోయినం. ఆ డాక్టర్ కుర్చీ వెనక్కి వాల్చిండో లేదో బాపుకు ఉమ్మి గొంతుకడ్డం పడి దగ్గు, కండ్లెంబడి నీళ్లు. నోరు తెరిచి పెట్టలేకపోయిండు. డాక్టర్ గోలీల చీటి చూసి, రక్తం పల్చగయ్యే గోలి ఏసుకుంటున్నడు గనుక గుండె డాక్టర్ కాడికెళ్లి కాయితం తెమ్మన్నడు. ఆ గుండె డాక్టర్ ఏమో కరీంనగర్‌ల. ఒక మస్టర్ పోయింది, ఆటోకు పైసలు పోయినయి, పన్ను అట్లనే ఉన్నది. బాపు ఇంటికొచ్చి ఏమన్నడో తెలుసా? 'నన్ను మల్ల ఎత్తకుర్రి' అన్నడు. ఎత్తుడు అంటే ఏమిటో బాయిల పనిచేసినోనికి తెలుసు. శవాన్నే ఎత్తుకొస్తరు.

వదినె: ...

మరిది: గందుకే అంటున్న. ఈ వయసుల మనిషిని కుర్చీ మీద కుర్చీ తిప్పుడు వైద్యం కాదు, హింస. దౌడ విరిగితే ఆరోగ్యశ్రీల చేస్తరు. పన్ను పుచ్చితే చెయ్యరు. అంటే సర్కారు లెక్కల సుత పన్ను పెద్ద సంగతి కాదు. నేనొక్కణ్నే పాపాత్మున్నా?

వదినె: కుర్చీ ముచ్చట నువ్వన్నదే కరెక్టు. నేను కుర్చీ కాడికి పోదామంటలేను. ఒకటి రెండు పండ్లు తీసేతందుకు ఆ గోలి ఆపనక్కర లేదని ఇప్పుడు శానమంది డాక్టర్లు అంటున్నరు. దూది నొక్కిపెట్టి, అవసరమైతే కుట్టేసి రక్తం ఆపుతరు. భయానికి మనంతట మనం గోలి ఆపితేనే ముప్పు, మల్ల పక్షవాతం వస్తది. గని ఆ మాట నువ్వు, నేను అనుకుంటే ఎట్ల? ఆ డాక్టరే ఆ డాక్టర్‌తోటి ఫోన్ల మాట్లాడుకోవాలె. ముసలాయన్ను కరీంనగర్ తిప్పే బదులు రెండు నిమిషాల ఫోన్.

మరిది: మరి ఇంటికొచ్చే పండ్ల డాక్టర్ ఉన్నడా?

వదినె: ఎందుకుండొద్దు? క్యాన్సరోళ్లకు, లేవలేనోళ్లకు 'ఆలన' పేరుతోటి సర్కారు బండి ఇంటికి పోతది గద. నర్సు ఉంటది, నొప్పికి మందిస్తది, పుండు కడుగుతది. ఆ సంచిల ఒక చిన్న అద్దం, ఒక టార్చి, పన్ను కదిలిచ్చే ఎలివేటర్లు రెండు పెడితే బరువైతదా?

మరిది: ఇగో, ఇక్కడ నువ్వు లెక్క తప్పుతున్నవ్. ఒక పండ్ల డాక్టర్ దుకాణంల కూసుంటే పొద్దటి నుంచి మాపటి దాకా ఇరవై మందిని చూస్తడు. ఇండ్లు తిరిగితే ముగ్గురిని చూస్తడు. ఆ పదిహేడు మంది ఎటు పోవాలె? వాళ్లల్ల పిల్లలుంటరు, కడుపుతోటి ఉన్న ఆడిపిల్లలుంటరు, రేపు బాయి దిగేటోడుంటడు. బాపుకు ఇంకెన్నేండ్లున్నయి? చెప్పుకుంటే చెడ్డగుంటది గని లెక్క లెక్కే.

ఈ మాటకు నాకు నిజంగనే జవాబు తోచలే. టైమాఫీసుల ముప్పై మూడేండ్లు మస్టర్లు కలిపినోణ్ని. లెక్క నాకు సుత సరిగనే కనవడ్డది.

వదినె: ఆ ఇరవై మందికి కాళ్లున్నయి తమ్మీ. ఇయ్యాల కాకుంటే రేపు పోతరు. ఈయనకు రేపు లేదు. అయినా డాక్టర్ నిత్యం రావాలని నేనంటలేను. ఏడాదికోసారి వస్తే శానైంది. సూదిలెక్క ఉన్న పన్నును అరగదీస్తడు, లేకుంటే పీకుతడు. పుచ్చిన ఏరుకు వెండి, ఫ్లోరైడు కలిసిన ఒక చుక్క మందు ఉన్నది, బ్రష్షుతోటి అంటిస్తే పుచ్చు ఆగుతది. మిషన్ లేదు, సూది లేదు. 2021ల ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అవసర మందుల జాబితాల చేర్చింది. ఒక్కటే ఏందంటే, పుచ్చిన తావు నల్లగైతది.

మరిది: బెల్లంపల్లిల నలుపుకు ఎవడు భయపడ్తడు?

(మొదటిసారి ఇద్దరు నవ్విండ్రు. మంచం దిక్కు నుంచి సుత ఒక సప్పుడు వచ్చింది. దగ్గో నవ్వో తెల్వలే.)

వదినె: మిగిలిన 364 రోజులు డాక్టర్ పని కాదు. నోరు కడిగే పని. జపాన్‌ల 11 వృద్ధాశ్రమాలల్ల రెండేండ్లు లెక్క తీసి 1999ల పెట్టిండ్రు. తిన్నంక నోరు కడిగిన ముసలోళ్లల్ల నూటికి 11 మందికి నిమోనియా వచ్చింది. కడగనోళ్లల్ల నూటికి 19 మందికి. రాత్రి నిద్రల ఉమ్మి కొంచెం కొంచెం ఊపిరి దిక్కు జారుతది, దాంతోటి పండ్ల మీద పాచి సుత పోతది. మూడు నెలల కింద మామకు నిమోనియా అని అయిదు రోజులు మంచిర్యాలల పెట్టినం గద. ఎంతైంది?

మరిది: యాది చెయ్యకు.

వదినె: బ్రష్షు ఎంత?

మరిది: ఆగు. ఆ జపాన్ లెక్కల నోరెవలు కడిగిండ్రు?

వదినె: ఆశ్రమం నర్సులు, ఆయాలు. వారానికోసారి పండ్ల డాక్టరో ఆయన మనిషో వచ్చేటోడు.

మరిది: అగో! ఆశ్రమంల షిఫ్టుకొక నర్సు. వారానికొక డాక్టర్. ఇక్కడ షిఫ్టుకొకరు నేను, మా ఆమె. మా ఆమె పొద్దుగాల బీడీలు చుడ్తది, మధ్యాహ్నం వంట, నడుమ ఆయన్ను దొడ్డికి కూసోబెట్టాలె, బట్టలు పిండాలె. నేను రాత్రి పన్నెండు గంటలకు ఇంటికొస్త. దాని మీద పూటకొకసారి నోరు కడుగుడు. మీ లెక్కలల్ల 'ఇంట్లోళ్లు చేస్తరు' అని రాస్తరు. ఇంట్లోళ్లంటే ఎవలు? మా ఆమెనే. కాయితం మీద ఆమె పేరుండది గని పని ఆమెదే.

ఇది ఆ రోజు విన్న మాటలల్ల అన్నిటికంటె గట్టిది. వదినె సుత చాయ్ గ్లాసు కింద పెట్టింది.

వదినె: నిజమే. దానికి నా కాడ మంచి జవాబు లేదు. ఆశమ్మ వస్తది గద, ముప్పై దాటినోళ్ల ఫారం నింపుతది. అండ్ల నోట్లె పుండున్నదా, మచ్చ ఉన్నదా అని అడుగుతది. ఆమెకో టార్చి ఇచ్చి, మూడు పూటలు నేర్పిస్తే...

మరిది: మొన్ననే వచ్చింది. అడిగింది. 'లెవ్వు' అని నేనే రాపిచ్చిన.

వదినె: చూడకుంటనా?

మరిది: చూడకుంటనే.

కొంచెం సేపు ఎవ్వలేం మాట్లాడలే. బయట పాల పిలగాడు హారన్ కొట్టి పోయిండు. ఆశమ్మను నేను తప్పు పట్టను. ఆమెకు నూరు ఫారాలు, ఒక్క జత కాళ్లు. గని అడుగుడు వేరు, తెరిచి చూసుడు వేరు. మస్టర్ల సంతకం ఉన్నోడల్లా బాయిల ఉన్నడని మేం సుత రాసుకునేటోళ్లం.

మరిది: నీకింకొక సంగతి తెల్వది. వచ్చే నెల నా బిడ్డ లగ్గం. ఫోటోల బాపు బోసినోరు పెట్టుకొని కూసుంటడా? అంగట్ల ఒకాయన ఉన్నడు. గంటల పండ్లు కడ్తడు, అగ్గువకే. నేను బయానా సుత ఇచ్చిన. నేను పైసలకు వెనుకాడేటోణ్ని కాదని నీకు తెలవాలె. కేరళల సర్కారే అరవై దాటిన పేదోళ్లకు పండ్ల సెట్లు కట్టిస్తదట, పేరు 'మందహాసం'. ఇక్కడ అదుంటే నేనే మొదాలు దరఖాస్తు పెడుదు.

వదినె: అంగట్ల ఆయన వద్దు తమ్మీ. ఆయన సెట్టు కట్టడు. పొడిల ఒక రసాయనం కలిపి మొండి పండ్ల మీదనే, ఇగురు మీదనే పోసి గట్టి చేస్తడు. తీసి కడుగరాదు. కింద ఏర్లు కుళ్లుతయి, మీద తెల్లగ మెరుస్తది. అసలు డాక్టర్ కట్టినా మామకు కింది సెట్టు నిలువదు. కింది సెట్టును పట్టుకునేది నాలిక, బుగ్గ. ఒక దిక్కు పడిపోయిన మనిషికి అది బువ్వల తేలుతది, గొంతుకు జారుతది. పండ్ల వైద్యమంటే నువ్వు పండ్లు పెట్టుడు అనుకుంటున్నవ్, నేను నోరు శుభ్రంగ ఉంచుడు అంటున్న. పొద్దటి సంది మనం కొట్లాడేది వేర్వేరు వాటి కోసం.

మరిది: అంటే ఫోటోల బోసినోరేనా?

వదినె: మందహాసం మంచి పథకం. లేచి తిరిగేటోళ్లకు. వాళ్లకు సుత చెప్పాలె, రాత్రి తీసి, బ్రష్షుతోటి కడిగి, నీళ్ల గిన్నెల ఏసి పండుకోవాలె అని. 85 దాటిన 524 మందిని జపానోళ్లు చూస్తే, సెట్టు పెట్టుకొనే పండుకునేటోళ్లకు నిమోనియా ముప్పు రెండింతలు ఉన్నది.

(నేను అడ్డం దూరిన. జపాన్ జపాన్ అంటున్నది గద అని, పేపర్ల ఎన్నడో చదివింది చెప్పిన. 1989ల వాళ్లు 'ఎనభైకి ఇరవై' అని మొదలువెట్టిండ్రు. ఎనభై ఏండ్లకు ఇరవై సొంత పండ్లుండాలె. 2016 లెక్కకు వచ్చేసరికి ఎనభై దరిదాపుల ఉన్నోళ్లల్ల సగం మందికి పైన సాధించిండ్రు. మరిది నా దిక్కు చూసి, 'సారూ, 1989ల బాపు నెలకు ఇరవై ఆరు మస్టర్లు కొట్టిండు. నువ్వే రాసినవ్. పండ్లెక్కడ చూసుకుంటడు?' అన్నడు. మల్ల పేపర్ పట్టుకున్న.)

మరిది: సరే వదినె. సెట్టు వద్దన్నవ్, కుర్చీ వద్దన్నవ్. నోరు కడుగాలె అన్నవ్. నువ్వే కడుగు. ఉన్నన్ని దినాలు చూసి నేర్సుకుంటం.

వదినె: నిన్న నేను గుడ్డ తడిపి దగ్గరికి పోయిన. ఏం చేసిండో తెలుసా? పెదిమెలు బిగబట్టిండు, కండ్లు మూసుకున్నడు. కోడలి ముంగట బనీను మీద సుత కూసోని మనిషి. నోరెట్ల తెరుస్తడు? బలిమికి తెరిపిస్తే నువ్వన్న హింస అదే అయితది. నేను అట్ల చెయ్య.

మరిది: మరి?

వదినె: నీ భార్య సుత కోడలే.

మరిదికి ఆ మాట లోపలికి దిగేతందుకు కొంచెం సేపు పట్టింది. గోడ మీది గడియారం చూసిండు. పదిన్నర. షిఫ్టుకు ఇంకా టైమున్నది. తప్పిచ్చుకునే తొవ్వ లేదు.

మరిది: ఆయన్నే అడుగుదాం. బాపూ, నిద్రపోతున్నవా?

ముసలాయన ఇటు మళ్లిండు. మాటలు ముద్ద ముద్దగ వచ్చినయి, నేను రోజూ వినేటోణ్ని గనుక నాకు అర్థమైనయి. సెట్టు గిట్టు వద్దన్నడు. లగ్గంల నోరు మూసుకొనే కూసుంట అన్నడు. నాలిక్కు కుచ్చుతున్న ఆ ఒక్కటి తీపియ్యుమన్నడు. మెట్లెక్కనన్నడు. కడుగుడు కొడుకు చేస్తే చేయించుకుంట, ఆడోళ్లు బయట ఉండాలె అన్నడు. పొద్దటి సంది ఇద్దరు కొట్లాడి తేల్చలేంది ఆయన నాలుగు ముక్కలల్ల తేల్చిండు. మూడేండ్ల సంది ఎవ్వలం అడుగలే.

వదినె: మెట్లు లేని దవాఖాన నేను చూస్త. పన్ను కోసం కాకున్నా ఆ తెల్ల మచ్చ కోసం పోవాలె తమ్మీ. రెండు వారాలైనా మానని మచ్చను ఇంట్ల పెట్టుకొని చూసుడు లేదు. అండ్ల నేను ఎవ్వల మాట ఇన.

మరిది: దానికి నేను అడ్డం చెప్త అన్ననా? ఎత్తుకపోత. ఎత్తుకపోను, నడిపిచ్చుకపోత.

వదినె తడక అవుతల నిలబడి చెప్పుకుంట పోయింది, మరిది చేసుకుంట పోయిండు. పండబెట్టొద్దు, దిండ్లు పెట్టి కూసోబెట్టు. తల మంచి దిక్కుకు జర వంచు, నీళ్లు గొంతులకు జారొద్దు. పిల్లల మెత్త బ్రష్షు. పేస్టు పెసరగింజంత, ఎక్కువ వద్దు, నురుగుకు దగ్గొస్తది. నీళ్లు పోసి పుక్కిలించుమనకు, తడి గుడ్డతోటి తుడువు. ఇంకొక బ్రష్షు పిడికి గుడ్డ చుట్టి పండ్ల నడుమ పెట్టు, లేకుంటే వేలు పోతది.

మరిది ఆ ఆఖరు మాట వినేసరికి ఆలస్యమైంది. అబ్బా అని చెయ్యి ఎనుకకు గుంజుకున్నడు.

వదినె: కరిచిండా?

మరిది: కరిచిండు. ఆరు పండ్లకు ఇంత బలమెక్కడిది?

మల్ల మొదలువెట్టిండు. ఫోన్ లైట్ నేను పట్టిన. ఎడమ దౌడ నుంచి బువ్వ ముద్ద గుడ్డకు వచ్చింది, నిన్నటిదో మొన్నటిదో, పుల్లటి వాసన. ఆయన మెడ నరాలు బిగిసినయి, తర్వాత నెమ్మదిగ వదులైనయి. కొడుకు ఎడమ చెయ్యి తండ్రి గదువ కింద ఉన్నది. ముప్పై ఏండ్ల కింద ఆ పిలగానికి జరమొస్తే ఆ గదువ కింద చెయ్యి పెట్టి మందు తాగిచ్చింది ఈయన్నే, నాకు యాదికున్నది. రెండు నిమిషాలనుకుంటే పది నిమిషాలు పట్టింది.

తర్వాత కుడి దిక్కు. మరిది వేలు తెల్ల మచ్చ కాడికి పోయి ఆగింది. గుడ్డ తిప్పి బయటికి తీసిండు. గుడ్డ మీద గోధుమ రంగు ముద్ద, ఇంకా తడిగ, సున్నం వాసన. పొద్దటిదే.

మరిది దాన్ని చూసిండు. తడక అవుతల నుంచి వదినె సుత వచ్చి చూసింది. ఆ పూట ఇద్దరి నోట ఒకే మాట వచ్చుడు అదే మొదటిసారి.

'ఎవలు తెచ్చిచ్చిండ్రు?'

ముసలాయన నా దిక్కు చూడలే. దోస్తు అంటే దోస్తే. నేను ఫోన్ లైట్ బందు చేసి, పేపర్ నాలుగు మడతలు పెట్టి, అంగి జేబుల చెయ్యి పెట్టి ఆ చిన్న డబ్బా బయటికి తీసి స్టూలు మీద పెట్టిన.